240జెడ్ ముందు డిస్కులు: లేత్ పట్టించాలా, కొత్తవి వేయాలా, పెద్దవాటికి మారాలా?

ఎల్24_అభిమాని:

బండి 1972 డాట్సన్ 240జెడ్. ముందు బ్రేకులు ఒరిజినల్ కొలతలవే. డిస్క్ వ్యాసం సుమారు 271 మి.మీ., మధ్యలో గాలి సందులు లేని సాలిడ్ రకం, కొత్తగా ఉన్నప్పుడు 12.5 మి.మీ. మందం, కనీస మందం 10.5. వెనక డ్రమ్ములు.

80–100 కి.మీ. వేగంలో మెల్లగా బ్రేక్ తొక్కితే పెడల్ కాలి కింద కొట్టుకుంటోంది, స్టీరింగ్ అటూ ఇటూ ఊగుతోంది. 40 కి దిగేసరికి ఆ ఊపు నెమ్మదిస్తుంది కానీ పోదు.

కొలిచిన లెక్కలు ఇవి. మైక్రోమీటర్‌తో, బయటి అంచు నుంచి 12 మి.మీ. లోపలికి, చుట్టూ ఎనిమిది చోట్ల తీసుకున్నాను. కుడి డిస్క్: 11.62, 11.60, 11.59, 11.60, 11.62, 11.64, 11.64, 11.63. ఎడమ డిస్క్ అన్ని చోట్లా 11.70–11.71. డయల్ గేజ్ పెట్టి తిప్పితే రనౌట్ (తిరిగేటప్పుడు డిస్క్ ముఖం అటూ ఇటూ ఊగే మేర) కుడివైపు 0.18 మి.మీ., ఎడమవైపు 0.07. రెండు డిస్కుల మీదా గోరుకు తగిలే గాడులున్నాయి, లోతైన చోట 0.1 ఉండొచ్చు. కుడి కాలిపర్‌లో (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) లోపలి ప్యాడ్ 4 మి.మీ. మిగిలింది, బయటిది 7.5. ఎడమవైపు రెండూ 7.

లేత్ పట్టిస్తే (యంత్రం మీద ముఖాలు సన్నగా కోయిస్తే) సరిపోతుందా, కొత్త డిస్కులే మేలా? ఎలాగూ విప్పుతున్నాను కాబట్టి టొయోటా పికప్ నాలుగు పిస్టన్ల కాలిపర్లకు మారడం గురించి కూడా ఆలోచిస్తున్నాను. రంధ్రాలు వేసిన డిస్కులు తీసుకోమని కొందరంటున్నారు. లాభం ఉందా?

---

లేత్_పక్కన:

కొలిచి రాశారు, సంతోషం. చాలామంది "డిస్క్ వంకర పోయింది" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు.

పెడల్ కొట్టుకోవడానికి నేరుగా కారణం మందంలో తేడా. మీ కుడి డిస్క్‌లో అది 11.64 – 11.59 = 0.05 మి.మీ. ఈ తేడా 0.015 దాటితేనే కాలికి తెలుస్తుంది. పలచని చోటు ప్యాడ్ల మధ్యకు వచ్చినప్పుడు పిస్టన్లు ముందుకు జరుగుతాయి, మందమైన చోటు వచ్చినప్పుడు వెనక్కి నెట్టుకుంటాయి. ఆ తోపుడే ఆయిల్ గుండా పెడల్‌కు చేరుతుంది.

ఆ తేడాను పుట్టించింది మాత్రం రనౌట్. బ్రేక్ వేయనప్పుడు కూడా డిస్క్‌లో ఎత్తుగా ఉన్న చోటు ప్రతి చుట్టుకీ ప్యాడ్‌ను ఒకసారి రాసుకుంటూ పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు అక్కడ ఇనుము పలచబడుతుంది. 0.18 రనౌట్‌ను అలాగే ఉంచి కొత్త డిస్క్ వేసినా మళ్లీ ఇదే కథ. అందుకని ముందు తేల్చాల్సింది ఆ 0.18 డిస్క్‌లో ఉందా, అది బిగిసి ఉండే హబ్‌లో (చక్రం మధ్య భాగం) ఉందా అన్నది.

240జెడ్‌లో డిస్క్ హబ్‌కు వెనక నుంచి నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది, హబ్ మొత్తం ఒక ముక్కగా స్పిండిల్ (ఇరుసు) నుంచి బయటికి వస్తుంది. విప్పేముందు ఎత్తైన చోట డిస్క్ మీదా, దానికి ఎదురుగా హబ్ మీదా మార్కర్‌తో గీత పెట్టండి. డిస్క్ విప్పి, హబ్ ముఖం మీద, డిస్క్ కూర్చునే వెనక ముఖం మీద ఉన్న తుప్పును వైర్ బ్రష్‌తో మొదలుపెట్టి సన్నని ఎమెరీతో ముగించి శుభ్రం చేయండి. చివర్న వేలి కొన ఆనించి నెమ్మదిగా తిప్పి చూడండి. బోల్టు రంధ్రాల అంచుల్లో లేచిన చిన్న బొడిపె కంటికి ఆనదు, వేలికి దొరుకుతుంది. హబ్ మీద 70 మి.మీ. వ్యాసార్థంలో ఉన్న 0.04 తేడా, ప్యాడ్ తిరిగే 125 మి.మీ. దగ్గరికొచ్చేసరికి 0.07 అవుతుంది.

తర్వాత డిస్క్‌ను ఒక రంధ్రం జరిపి బిగించి మళ్లీ కొలవండి. ఎత్తైన చోటు డిస్క్ మీది గీతతో పాటు జరిగితే తప్పు డిస్క్‌ది. హబ్ గీత దగ్గరే ఉండిపోతే తప్పు హబ్‌ది లేదా బేరింగ్‌ది. నాలుగు స్థానాల్లోనూ కొలిచి అతి తక్కువ వచ్చిన స్థానాన్ని పంచ్‌తో గుర్తు పెట్టుకోండి. కొలిచేటప్పుడు బేరింగ్‌లో ఆట లేకుండా నట్ కాస్త బిగించి ఉంచాలి. ఆట ఉంటే డయల్ గేజ్ చూపించేది డిస్క్ రనౌట్ కాదు, హబ్ ఊగుడు.

ఈ తిప్పలెందుకంటే, రనౌట్‌ను లేత్ మీద తీసేయాలంటే అంత మందం పోతుంది. డిస్క్ ఒరిగి తిరుగుతున్నప్పుడు బయటి ముఖంలో ఒక పక్క 0.18 కోయాలి, లోపలి ముఖంలో దానికి ఎదురు పక్క 0.18 కోయాలి. ఫలితంగా చుట్టూ 0.18 మందం తగ్గుతుంది. మీ కుడి డిస్క్ లెక్క: పలచని చోటు 11.59, అందులోంచి రనౌట్ 0.18, రెండు వైపుల గాడులకు 0.20, ఆఖరి సన్న కోతలకు 0.10 తీసేస్తే 11.11 మిగులుతుంది. రంధ్రం జరపడంతో రనౌట్ 0.06 కి వస్తే మిగిలేది 11.23.

కనీస మందం 10.5 అంటే కోసిన తర్వాత మిగలాల్సిన మందం అని అనుకోవద్దు. అది వాడి పారేయాల్సిన హద్దు. కోసి బయటికొచ్చిన డిస్క్ దానికన్నా కనీసం 0.4–0.5 ఎక్కువ ఉండాలి, లేకపోతే ఒక సెట్ ప్యాడ్లకు కూడా ఆగదు. మీ డిస్కులకు ఆ వెసులుబాటు ఉంది. లేత్ పట్టించవచ్చు.

కానీ విడి డిస్క్‌ను తీసుకెళ్లి మూడు దవడల చక్‌లో బిగించి కోయించకండి. డిస్క్‌ను హబ్‌కు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌తో (బిగింపు బలంతో) బిగించి, హబ్‌ను దాని బేరింగ్ రేసుల (రోలర్లు తిరిగే ఉక్కు వలయాల) మీదే కోన్లతో పట్టి తిప్పాలి. అప్పుడు కోత బండి మీద తిరిగే అక్షానికే సరిపోతుంది, హబ్ ముఖంలోని తప్పు కూడా అందులోనే కలిసిపోతుంది. పంపే ముందు రేసుల్లో పాత గ్రీజు చుక్క కూడా లేకుండా కడగాలి. గ్రీజు పొర మీద కూర్చున్న కోన్ తిన్నగా కూర్చోదు.

---

పిస్టన్_రిపేర్:

లేత్ గురించి పైన రాసింది సరిగ్గా ఉంది. ఇంకో అంకె ఎవరూ పట్టించుకోలేదు. కుడివైపు లోపలి ప్యాడ్ 4, బయటిది 7.5. 240జెడ్ కాలిపర్ కదలని రకం, అటొక పిస్టన్ ఇటొక పిస్టన్. ఆ రకంలో రెండు ప్యాడ్లూ దాదాపు సమానంగా అరగాలి. 3.5 మి.మీ. తేడా ఉందంటే ఒక పిస్టన్ పట్టేసింది. లోపలిది వెనక్కి రావడం లేదు, లేదా బయటిది ముందుకు కదలడం లేదు. ఒక ప్యాడ్ ఎప్పుడూ రాసుకుంటూ ఉంటే డిస్క్ వేడెక్కుతుంది, ఎత్తైన చోటు మరింత త్వరగా అరుగుతుంది. కుడి డిస్క్ ఒక్కటే పాడవడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

విప్పకముందు ఈ పరీక్ష చేయండి. చక్రం లేపి, పెడల్ గట్టిగా ఒకసారి తొక్కి వదిలి, చేత్తో చక్రం తిప్పండి. బిగుతుగా ఉంటే బ్లీడ్ నిపుల్ (కాలిపర్ నుంచి గాలి, ఆయిల్ వదిలే చిన్న మర) పావు చుట్టు వదులు చేయండి. వెంటనే చక్రం తేలికైతే రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఆయిల్‌ను వెనక్కి రానివ్వడం లేదన్నమాట. అప్పటికీ బిగుతుగానే ఉంటే పిస్టన్ పట్టేసింది. హోస్ బయటికి కొత్తగా కనిపించినా లోపల మూసుకుపోయి ఉండొచ్చు, చూపుతో తేల్చకండి.

పిస్టన్‌ను వెనక్కి తెచ్చేది స్ప్రింగ్ కాదు, దాని చుట్టూ ఉన్న చదరపు సీల్. తొక్కినప్పుడు సీల్ మెలితిరుగుతుంది, వదిలినప్పుడు తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను ఒక మిల్లీమీటర్‌లో పదో వంతు వెనక్కి లాగుతుంది. పిస్టన్ మీద తుప్పు మచ్చ ఉంటే ఆ చిన్న లాగుడు చాలదు.

కాలిపర్ రెండు సగాలను కలిపే బోల్టులను ముట్టుకోకండి, పిస్టన్లు తీయడానికి వాటితో పనిలేదు. రెండు పిస్టన్ల మధ్య చెక్క ముక్క పెట్టి తక్కువ గాలి ఒత్తిడితో బయటికి నెట్టండి, వేళ్లు మధ్యలో ఉంచకండి. సీల్ తిరిగే భాగంలో గోరుకు తగిలే గుంట ఉంటే పిస్టన్ మార్చాల్సిందే, రుద్ది నునుపు చేస్తే ఆయిల్ కారుతుంది. సీల్ గాడిలో పేరుకున్న గట్టి తెల్లని పొరను చెక్క పుల్లతో గీకి తీయండి. ఆ పొర వల్లే సీల్ బయటికి ఉబ్బి పిస్టన్‌ను పట్టేస్తుంది. ఒక్కోసారి జబ్బు అంతే. కడగడానికి బ్రేక్ క్లీనర్ లేదా స్పిరిట్ వాడండి. పెట్రోల్, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ సీళ్లకు విషం. బిగించేటప్పుడు కొత్త బ్రేక్ ఆయిల్ రాసి చేత్తోనే తోయండి. అడ్డంగా వెళ్తే బలవంతం చేయకుండా బయటికి తీసి మళ్లీ పెట్టండి.

కుడి కాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి మారితే బ్లీడ్ నిపుల్ కిందికి వస్తుంది. పైన గాలి ఇరుక్కుని ఎంత బ్లీడ్ చేసినా పెడల్ మెత్తగానే ఉంటుంది. నిపుల్ ఎప్పుడూ పైకే.

ఇంకో మాట. పాత ప్యాడ్ల దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకండి. ఆ కాలం ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. తడిపి తుడవండి.

---

బ్రేక్_లెక్క:

అప్‌గ్రేడ్ ప్రశ్నకు వస్తాను. ముందు వేడి లెక్క చూడాలి, ఎందుకంటే డిస్క్ చేసే పని అదే.

ఇద్దరు మనుషులతో బండి బరువు 1150 కిలోలు అనుకుందాం. 120 కి.మీ. వేగం నుంచి ఆపితే సుమారు 640 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. అందులో 70 శాతం ముందు చక్రాలది అనుకుంటే ఒక్కో ముందు డిస్క్‌కు 224 కిలోజౌళ్లు. 12.5 మి.మీ. మందంలో ప్యాడ్ తిరిగే వలయం బరువు సుమారు 3.15 కిలోలు. ఒక్క బ్రేకుకు దాని వేడి దాదాపు 148 డిగ్రీలు పెరుగుతుంది. అదే డిస్క్ 10.5 కి అరిగితే వలయం 2.65 కిలోలకు దిగి, పెరుగుదల 176 కి చేరుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ చల్లారే వ్యవధి లేకుండా నాలుగైదు సార్లు వేస్తే ఆ తేడా ప్రతిసారీ పేరుకుంటూ పోతుంది. కనీస మందం హద్దు వెనకున్న కారణాల్లో ఇదొకటి.

ఇక్కడే రంధ్రాల డిస్కుల సంగతీ తేలుతుంది. సాలిడ్ డిస్క్‌కు రంధ్రాలు వేస్తే తగ్గేది ఇనుము బరువు, అంటే వేడిని దాచుకునే చోటు. పైగా ప్రతి రంధ్రం అంచు ఒక పగులుకు మొదలు. రెండు రంధ్రాల మధ్య వెంట్రుకంత గీతలు మొదలై అంచు దాకా పాకుతాయి. రోడ్డు బండికి వద్దు. చూడ్డానికి అందంగా కావాలనుకుంటే సన్నని గాడులు వేసిన డిస్కులు మేలు, అవి ప్యాడ్ ముఖాన్ని గీకి తాజాగా ఉంచుతాయి. ప్యాడ్లు మాత్రం కొంచెం ఎక్కువ అరుగుతాయి, అదనపు శబ్దం వస్తుంది.

టొయోటా కాలిపర్ల విషయం. 1979–85 ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ల ఎస్12+8 కాలిపర్ మీ స్ట్రట్‌కు (చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ కాలు) నేరుగా బిగుస్తుంది, మీ సాలిడ్ డిస్క్‌తోనే పనిచేస్తుంది. డిస్క్ వెనక ఉన్న రేకు షీల్డ్‌ను కోయాలి లేదా తీసేయాలి, కాలిపర్‌కు వచ్చే గట్టి పైపును మళ్లీ వంచుకోవాలి. వెడల్పాటి ఎస్12డబ్ల్యూ కాలిపర్‌కు గాలి సందుల డిస్క్ కావాలి. దానికి నిస్సాన్ 300జెడ్ఎక్స్ డిస్క్, హబ్‌కు డిస్క్‌కు మధ్య స్పేసర్ వాడతారు. స్పేసర్ వేసిన రోజు పైన చెప్పిన రనౌట్ లెక్క మళ్లీ మొదటినుంచి, ఎందుకంటే కలిసే ముఖాలు రెండు ఎక్కువయ్యాయి.

ఎస్12+8 తో డిస్క్ అదే, బరువు అదే. కాబట్టి వేడిని భరించే శక్తి పెరగదు, పట్టు పెరుగుతుంది. ఘాట్ రోడ్ల మీద పెడల్ మెత్తబడటమే మీ బాధ అయితే కాలిపర్ మార్చి లాభం లేదు, గాలి సందుల డిస్క్ కావాలి. అంతకన్నా ముందు ఆయిల్, ప్యాడ్లు చూడండి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా 205 డిగ్రీలకు మరుగుతుంది, తేమ పీల్చాక 140 కి దిగుతుంది. డాట్ 4 కు అవి 230, 155. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం చాలా అప్‌గ్రేడ్లకన్నా ఎక్కువ పనిచేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. సిలికాన్ రకం డాట్ 5 ను మిగతావాటితో కలపకూడదు.

పెద్ద పిస్టన్లు వేస్తే ఆయిల్ ఎక్కువ కావాలి, పెడల్ లోతుకు పోతుంది. అందుకే 22.2 మి.మీ. మాస్టర్ సిలిండర్ (పెడల్ తోపును ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగం) బదులు 280జెడ్ఎక్స్‌ది 23.8 మి.మీ. వేస్తారు. వైశాల్యం 15 శాతం పెరుగుతుంది, పెడల్ ప్రయాణం ఆ మేరకు తగ్గుతుంది. అదే కాలి బలానికి వచ్చే ఒత్తిడి 13 శాతం తగ్గుతుంది. ఊరికే ఏదీ రాదు. బూస్టర్ (కాలి బలాన్ని పెంచే భాగం) పుష్‌రాడ్ సందును మళ్లీ సరిచేయడం మరిచిపోతే ఆయిల్ వెనక్కి పోయే రంధ్రం మూసుకుని బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. బూస్టర్ మార్చకపోయినా ఆ కొలత చూడాల్సిందే.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ముందు వెనకల తూకం. ముందు పట్టు ఒక్కటే పెంచితే ముందు చక్రాలు తొందరగా లాక్ అవుతాయి, వెనక టైర్లు చేయగలిగిన పని చేయకుండా మిగిలిపోతాయి. పెడల్ పదునుగా అనిపించినా ఆగే దూరం పెరగవచ్చు. వెనక డ్రమ్ములను తీసి డిస్కులు వేస్తే డ్రమ్ లైన్‌లో నిలిచి ఉండే ఒత్తిడి వాల్వ్‌ను తీసేయాలి, లేకపోతే వెనక ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటాయి.

చక్రం లోపలి అంచుకు కాలిపర్‌కు మధ్య కనీసం 3 మి.మీ. ఉండాలి. ఒరిజినల్ 14 అంగుళాల రిమ్‌తో కొనే ముందే చూసుకోండి. కాలిపర్ మీద మెత్తని మైనం ముద్ద అంటించి చక్రం బిగించి ఒక చుట్టు తిప్పితే ఎక్కడ ఎంత మిగిలిందో ముద్దే చెబుతుంది.

---

ఎల్24_అభిమాని:

అందరికీ ధన్యవాదాలు. చేసి చూశాను. నిపుల్ వదిలినా చక్రం బిగుతుగానే ఉంది, లోపలి పిస్టన్ పట్టేసింది. సీల్ తిరిగే చోట గుంటలున్నాయి, పిస్టన్లు, సీళ్లు కొత్తవి వేస్తున్నాను, హోస్‌లు కూడా. హబ్ ముఖం శుభ్రం చేసి మూడో స్థానంలో బిగిస్తే కుడి రనౌట్ 0.06 కి వచ్చింది. ఈ సారికి అదే డిస్కులను హబ్‌తో కలిపి కోయిస్తాను, కాలిపర్ల మార్పు తర్వాత. లేత్ వాళ్లకు ఏం చెప్పాలి? తిరిగి వచ్చాక ఏం చూడాలి?

---

లేత్_పక్కన:

మంచి నిర్ణయం. ఎడమ డిస్క్ కూడా అదే రోజు కోయించండి, ఒక పక్క నునుపుగా ఇంకో పక్క గాడులతో ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది.

వాళ్లకు చెప్పాల్సింది: రెండు ముఖాలూ హబ్ విప్పకుండా ఒకే పట్టులో కోయాలి. రెండు వైపులా సమానంగా పోవాలి. ముందు కోతలు ఒక్కో వైపు 0.1–0.15, ఆఖరిది 0.05, నెమ్మది ఫీడ్‌తో. పదునైన కొత్త కార్బైడ్ మొన వాడాలి. డిస్క్ అంచు చుట్టూ రబ్బరు పట్టీ కట్టమని అడగండి. పట్టీ లేకపోతే డిస్క్ కూత పెడుతూ తిరుగుతుంది, ఆ కూత చేప పొలుసుల్లా ముఖం మీద పడుతుంది. బయటి అంచులో తుప్పు పట్టి నిలిచిన గట్టును కూడా తీసేయాలి. వర్నియర్‌తో కొలిచేవాళ్లు మందం ఎక్కువ చూపించేది ఆ గట్టు వల్లే.

కోసేటప్పుడు మొన ఒకే చోట జారుతూ, అక్కడ మెరిసే నల్లని మచ్చ మిగిలితే పని ఆపించండి. అతి వేడికి ఇనుము గట్టిపడి సిమెంటైట్‌గా మారిన చోటు అది. ఎంత కోసినా లోపల దాని వేరు ఉంటుంది, కొన్ని వందల కిలోమీటర్లకే మళ్లీ ఎత్తుగా తేలుతుంది. ఆ డిస్క్‌ను పారేయడం తప్ప మార్గం లేదు.

తిరిగొచ్చాక ముఖం మీద సన్నని గ్రామఫోన్ రికార్డు లాంటి గీతలుంటాయి. 120–150 గ్రిట్ కాగితాన్ని చెక్క దిమ్మకు చుట్టి, డిస్క్ తిరుగుతుండగా ఒక్కో ముఖానికి అర నిమిషం అటూ ఇటూ పట్టండి. గీతలు అన్ని దిక్కులకూ చెదిరిపోవాలి. లేకపోతే ప్యాడ్లు ఆ గీతల వెంబడి పాకుతూ శబ్దం చేస్తాయి. తర్వాత వేడి సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి కడగండి. బ్రేక్ క్లీనర్ నూనెను తీస్తుంది కానీ ఇనుములోని సూక్ష్మ రంధ్రాల్లో ఇరుక్కున్న ఇనుప పొడిని తీయదు. తెల్ల గుడ్డతో తుడిస్తే నలుపు అంటనంత వరకు కడగాలి, వెంటనే ఆరబెట్టాలి, లేకపోతే గంటలోనే తుప్పు రంగు తిరుగుతుంది. తర్వాత హబ్ లోపల శుభ్రం చేసి కొత్త బేరింగ్ గ్రీజు నింపండి, వెనక సీల్ కొత్తది వేయండి. ఆ సీల్ నుంచి కారే గ్రీజు నేరుగా డిస్క్ మీదికే వస్తుంది.

బండికి బిగించి, బేరింగ్ సర్దుబాటు మాన్యువల్ ప్రకారం పూర్తి చేశాక మళ్లీ డయల్ గేజ్ పెట్టండి. ప్యాడ్లు వేయకముందే. 0.05 లోపు ఉండాలి, హబ్‌తో కలిపి కోసినదానికి 0.03 రావడం కష్టమేమీ కాదు. ఎక్కువ వస్తే పట్టడంలోనే పొరపాటు జరిగింది, ప్యాడ్లు వేసి చూద్దాం అనుకోకండి.

ప్యాడ్లు కొత్తవే వేయాలి, పాతవి పాత గాడుల ఆకారంలో ఉంటాయి. వెనక డ్రమ్ షూలను సర్దకుండా వదిలితే పెడల్ లోతుగా పోయి తప్పంతా ముందు బ్రేకుల మీదికి వస్తుంది, అవీ ఇప్పుడే చూసేయండి.

కొత్త ప్యాడ్లను డిస్క్‌కు అలవాటు చేయడం ఖాళీ రోడ్డు మీద. 50 నుంచి 10 కి మెల్లగా ఆరేడు సార్లు, తర్వాత 90 నుంచి 20 కి కాస్త గట్టిగా ఎనిమిది పది సార్లు. ప్రతి దాని మధ్య అర కిలోమీటర్ గాలి తగిలేలా నడపండి. ఎక్కడా పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోకూడదు. వేడి ప్యాడ్ ఆగిన చోటే డిస్క్ మీద తన ముద్ర వేస్తుంది, ఆ ముద్ర మీ ఎనిమిది కొలతల్లో మళ్లీ మందంగా కనిపిస్తుంది. చివర్న బ్రేక్ ముట్టుకోకుండా పదిహేను నిమిషాలు నడిపి చల్లార్చండి. ముఖం అంతా ఒకే బూడిద రంగులో, మచ్చలు లేకుండా ఉంటే బాగా కుదిరినట్టు.

1000 కి.మీ. తర్వాత అదే ఎనిమిది చోట్ల మైక్రోమీటర్ పెట్టి అంకెలు ఇక్కడ రాయండి. తేడా 0.01 దాటకపోతే పిస్టన్, హబ్ రెండూ సరిగ్గా కుదిరినట్టే. దాటితే పిస్టన్ వైపే ముందు చూడండి.